యాంటీబయాటిక్ మందులు – మన కాలేయం, మన మూత్రపిండాలు

(ఆరోగ్య అవగాహన సదస్సులో పెద్దవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఆస్పత్రిలో మందుల చీటీ చేతికి ఇవ్వగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, ఇవి పవరు మందులా? కిడ్నీలు పాడవుతాయా?" అని. మంచి ప్రశ్నే. కాని ఇదే మనిషి పోయిన నెలలో జలుబు చేస్తే చీటీ లేకుండా మెడికల్ షాపులో మూడు రోజుల గోళీలు కొని వేసుకొని ఉంటాడు. ఒళ్ళు నొప్పులకు సూది కూడా వేయించుకొని ఉంటాడు. అప్పుడు ఈ అనుమానం రాదు. అందుచేత ఈ రోజు మనం యాంటీబయాటిక్ మందులు కాలేయానికి, మూత్రపిండాలకు ఎప్పుడు కీడు చేస్తాయో, ఎప్పుడు చేయవో, మీకు మీరుగా దానిని ఎలా కనిపెట్టాలో తెలుసుకుందాము. నేను చెప్పేదంతా పెద్దవారి గురించే. చిన్నపిల్లల సంగతి వేరు.

మనం మింగిన మందు శరీరంలో ఉండిపోదు. పని అయిన తర్వాత బయటికి పోవాలి. అందుకు ముఖ్యంగా ఉన్నవి రెండు దారులు. కుడివైపు పక్కటెముకల కింద ఉండే కాలేయం, అంటే లివర్, మందును విరిచి, మార్చి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. నడుము పైభాగంలో వెన్నెముకకు రెండువైపులా ఉండే మూత్రపిండాలు రక్తాన్ని వడపోసి మందును మూత్రంలోకి పంపుతాయి. ఆ రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి తీసుకొని, లీటరున్నర రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా విడుస్తాయి. మందు వెళ్ళే దారి అదే కాబట్టి మందు దెబ్బ తగిలినా ముందు ఆ దారిలో ఉన్న కణాలకే తగులుతుంది.

అయితే మొదటే ఒక మాట. ఈ అవయవాలకు యాంటీబయాటిక్ కన్నా పెద్ద శత్రువు వైద్యం జరగని జబ్బే. వానాకాలంలో పొలాల్లో, మురుగు నీళ్ళలో పనిచేసేవారికి వచ్చే ఎలుక జ్వరం కళ్ళు పచ్చబరచి, మూత్రం ఆపేసి, కొద్ది రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. దానిని నయం చేసేది పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మందులే. రక్తంలో చీము చేరినప్పుడు ముందు పడిపోయేవి కిడ్నీలే. కనుక "మందు వేడి చేస్తుంది, లివరు పోతుంది" అని అవసరమైన మందును మానుకోవడం తెలివైన పని కాదు. ఈ ప్రసంగం విని ఎవరైనా ఇంటికి వెళ్ళి మందు మానేస్తే నేను వచ్చిన పని చెడిపోయినట్లే.

సూదుల సంగతి

కిడ్నీలకు నేరుగా దెబ్బ కొట్టగలిగిన యాంటీబయాటిక్స్‌లో మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేవి జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు. ఇవి చెడ్డ మందులు కావు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో ప్రాణాలు కాపాడిన మందులు, ధర కూడా తక్కువ. కాని కిడ్నీలో వడపోత జరిగిన తరువాత ఉండే సన్నని గొట్టాల గోడ కణాలు వీటిని లోపలికి లాగి దాచుకుంటాయి. రోజురోజుకూ పోగుపడి, ఒక హద్దు దాటాక ఆ కణాలు చనిపోతాయి. అందువల్లనే మొదటి రెండు మూడు రోజుల్లో ఏమీ కనబడదు. సాధారణంగా అయిదు నుండి ఏడు రోజులు దాటాక రక్తంలో క్రియాటినిన్ పెరగడం మొదలవుతుంది.

ఇందులో మోసం ఏమిటంటే, మూత్రం మాత్రం మామూలుగానే వస్తూ ఉంటుంది. "నాకు మూత్రం బాగానే వస్తోంది, కిడ్నీకి ఏమీ కాలేదు" అనుకుంటారు. మూత్రం ఎంత వచ్చిందనేది వేరు, అందులో చెత్త ఎంత పోయిందనేది వేరు. రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. సమయానికి ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లో కిడ్నీలు కోలుకుంటాయి. అదే మందు చెవి లోపలి నరాలను దెబ్బతీస్తే మాత్రం పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. చెవిలో హోరు, నడిచేటప్పుడు తూలు కనిపిస్తే మరునాటి సూది వేయించుకొనే ముందే చెప్పండి.

ఈ సూది ఎవరికి ఎక్కువ ప్రమాదం? వయసు పైబడినవారికి, షుగరు, బి.పి. వలన కిడ్నీలు ముందే కొంత దెబ్బతిన్నవారికి, విరోచనాలతో వాంతులతో ఒంట్లో నీరు పోయినవారికి. అన్నిటికన్నా ముఖ్యంగా, దానితోపాటు నొప్పుల సూది కూడా వేయించుకొనేవారికి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కిడ్నీకి రక్తం చేరవేసే నాళాన్ని సన్నబరుస్తాయి. జ్వరంతో, నీరసంతో, నీళ్ళు తాగకుండా పడి ఉన్న మనిషికి ఒక చేతికి జెంటామైసిన్, మరో చేతికి నొప్పి సూది ఇస్తే, ఆ కిడ్నీ మీద రెండువైపులా దెబ్బే. పల్లెల్లో ఇది రోజూ జరుగుతున్నదే. "రెండు సూదులు వేయండి, రేపటికి పనిలోకి వెళ్ళాలి" అని అడిగేది కూడా మనమే కదా.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం పేరు మీరు విని ఉంటారు. అక్కడ షుగరు, బి.పి. లేనివారిలో కూడా మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనబడుతోంది. దానికి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఆ జబ్బు యాంటీబయాటిక్స్ వలన వచ్చిందని నేను చెప్పడం లేదు. అటువంటి చోట ఉన్నవారికి, లేదా అక్కడి నుండి వలస వచ్చి మరో ఊళ్ళో పనిచేసుకొనేవారికి, కిడ్నీ బలహీనంగా ఉన్నట్లు వారికే తెలియకపోవచ్చు. క్రియాటినిన్ పరీక్షలో తేడా కనబడేసరికి కిడ్నీ శక్తి సుమారు సగం పోయి ఉండవచ్చు. సూది వేయించుకొనే ముందు "అయ్యా, మాది ఫలానా ఊరు, మా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది" అన్న ఒక్క మాట చెప్పండి. ఆ మాటతో డాక్టరు వేరే మందు ఎంచుకోవచ్చు, లేదా మోతాదు తగ్గించవచ్చు.

పెద్దాస్పత్రుల ఐ.సి.యు.లలో వాడే కొలిస్టిన్, వాంకోమైసిన్ కూడా కిడ్నీని దెబ్బతీయగలవు. కొలిస్టిన్‌ను ఈ కారణం చేతనే ఒకప్పుడు చాలావరకు పక్కన పెట్టేశారు. ఇతర మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకు వచ్చాక దానినే మళ్ళీ బయటికి తీయవలసి వచ్చింది. చీటీ లేకుండా మందులు వాడే అలవాటుకు ఇది కూడా ఒక ఫలితమే. 2014 మార్చి నుండి మన దేశంలో హెచ్1 అనే షెడ్యూలు అమలులో ఉంది. అందులో ఉన్న యాంటీబయాటిక్స్‌ను, టి.బి. మందులను చీటీ చూసి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకొని అమ్మాలి. మెడికల్ షాపు అతను చీటీ అడిగితే కోపగించుకోకండి.

ఇక రెండో రకం దెబ్బ. ఇది మోతాదును బట్టి కాదు, మనిషి ఒంటి తత్వాన్ని బట్టి వస్తుంది. పెన్సిలిన్ జాతి, సెఫలోస్పోరిన్ జాతి, సల్ఫా, సిప్రోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్ వంటివి కొద్దిమందిలో కిడ్నీ లోపల అలర్జీ వాపు తెస్తాయి. తగ్గిపోయిన జ్వరం మళ్ళీ రావడం, ఒంటి మీద దద్దుర్లు, కీళ్ళ నొప్పులు దీని గుర్తులు. ఇవేవీ లేకుండా కూడా రావచ్చు. మందు ఆపితే చాలావరకు తగ్గుతుంది. అయితే ఏ మందు వలన వచ్చిందో ఆ పేరు జీవితాంతం గుర్తుంచుకోవాలి.

లివరు విషయం

ఎక్కువగా వాడే గోళీలలో లివరుకు సంబంధించి పేరు పడ్డది అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందు. పంటి నొప్పికి, సైనసుకు, పుండ్లకు అందరికీ రాసేదే. వాడినవారిలో చాలా కొద్దిమందికి, ముఖ్యంగా వయసు మళ్ళిన మగవారికి, పైత్యరసం ప్రవాహం అడ్డుపడి కామెర్లు వస్తాయి. దీనిలో గమనించవలసిన విచిత్రం ఏమంటే, కోర్సు అయిపోయి మందు మానేసిన కొన్ని వారాల తరువాత కూడా కామెర్లు రావచ్చు. అప్పటికి ఆ గోళీల సంగతే మరచిపోయి ఉంటారు. ఒళ్ళంతా దురద, మూత్రం ముదురు రంగు, మలం సుద్ద రంగు. డాక్టరు "ఈ మధ్య ఏమైనా మందులు వాడారా?" అంటే "ఏమీ లేదండీ" అంటారు. గడిచిన రెండు మూడు నెలల్లో వాడినవన్నీ చెప్పాలని దీనివల్లే అడుగుతాము. చాలామందికి తగ్గిపోతుంది కాని, వారు ఆ మందు మళ్ళీ ముట్టకూడదు.

సెఫ్ట్రియాక్సోన్ సూదులు ఎక్కువ రోజులు పడ్డవారికి స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళలాగా కనబడటం ఉంది. చాలావరకు అవి నిజమైన రాళ్ళు కావు, మందు ఉప్పులాగా పేరుకున్నది. సూదులు ఆగాక కరిగిపోతుంది. ఆపరేషను అని కంగారు పడేముందు ఆ సూదుల సంగతి సర్జను గారికి చెప్పండి.

యాంటీబయాటిక్స్ తొలి చరిత్రలో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లే సంస్థ నుండే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఎందరినో బతికించిన ఆ జాతి మందులే, నరం ద్వారా పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు గర్భిణీ స్త్రీల కాలేయానికి ప్రాణాంతకమవుతున్నాయని తరువాతి కాలంలో బయటపడింది. గడువు దాటి పాడైన పాత టెట్రాసైక్లిన్ కిడ్నీ గొట్టాలను దెబ్బతీసిందనీ తేలింది. బీరువాలో దాచిన పాత గోళీల మీద మీకు ప్రేమ ఉంటే ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మన దేశంలో మందుల వలన లివరు దెబ్బతిన్నవారిని లెక్క చూస్తే మొదటి స్థానం టి.బి. మందులదే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఈ మూడూ లివరు మీద భారం వేసేవే. నాలుగోదైన ఇథాంబ్యుటాల్ లివరు జోలికి దాదాపు పోదు, అది చూపు మీద పనిచేస్తుంది. మామూలు టి.బి.కి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. 2017 నుండి దేశమంతా బరువును బట్టి ప్రతిరోజూ వేసుకొనే కలగలిపిన గోళీలు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు. లివరుకు కీడు జరిగేదయితే ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే జరుగుతుంది.

ఇక్కడ రోగులు రెండు రకాలుగా ప్రమాదంలో పడుతున్నారు.

ఒకరు భయంతో మానేసేవారు. మందు మొదలుపెట్టిన మరునాడే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. చెమట, కన్నీళ్ళు కూడా ఆ రంగు తిరగవచ్చు. అది రిఫాంపిసిన్ రంగు, అంతే. కొంచెం కడుపులో తిప్పినా, ఆకలి తగ్గినా మందు ఆపనక్కరలేదు. రక్త పరీక్షలో ఎ.ఎల్.టి. కొద్దిగా పెరిగినా ఆపరు. కష్టమేమీ లేనప్పుడు అది మామూలు హద్దుకు అయిదు రెట్లు దాటితే, వాంతులు కామెర్లు వంటివి ఉన్నప్పుడు మూడు రెట్లు దాటితే డాక్టరు మందులు ఆపుతారు. అంతకు లోపు మీ అంతట మీరు మానేస్తే టి.బి. ముదురుతుంది, మందులకు లొంగని టి.బి. అవుతుంది. ఇంట్లో పిల్లలకు అంటేదీ అదే.

రెండోవారు మొండిగా మింగేవారు. మూడు రోజులుగా అన్నం వాసన పడటం లేదు, వాంతులు ఆగడం లేదు, కుడిపక్క డొక్కలో నొప్పి, కళ్ళు పచ్చగా ఉన్నాయి. అయినా "మానకూడదన్నారు కదా" అని మింగుతూ ఉంటారు. కామెర్లు కనబడిన తరువాత ఆ మూడు మందులు మింగుతూ పోతే లివరు పూర్తిగా చెడి ప్రాణం పోవచ్చు. ఇటువంటి గుర్తులు కనబడిన రోజు ఆ పూట మందు వేసుకోకుండా ఆస్పత్రికి రండి. రేపు అనవద్దు. ఆదివారమైనా అత్యవసర విభాగం ఉంటుంది. ఆశా కార్యకర్తకు గాని, టి.బి. సెంటరుకు గాని ఫోను చేయించండి.

అప్పుడు ఆస్పత్రిలో ఏమి చేస్తారు? మందులన్నీ ఆపి, అవసరమైతే లివరుకు హాని తక్కువగా ఉండే ఇతర మందులతో టి.బి.ని పట్టి ఉంచుతారు. లివరు పరీక్షలు దిగివచ్చాక ఒక్కొక్క మందు, కొన్ని రోజుల ఎడంతో, రక్తం చూస్తూ తిరిగి మొదలుపెడతారు. ఏ మందుకు మళ్ళీ పెరిగిందో దాన్ని వదిలేస్తారు. పైరజినమైడ్ వదిలేయవలసి వస్తే కోర్సు తొమ్మిది నెలలకు పోవచ్చు. చాలామందికి ఈ విధంగా టి.బి. నయమవుతుంది.

మీ అంతట మీరు ఆపి, నెల రోజులకు దగ్గు మళ్ళీ వస్తే ఇంట్లో మిగిలిన గోళీలు మళ్ళీ మొదలుపెట్టారనుకోండి. అది మరీ ప్రమాదం. మధ్యలో ఆపి తిరిగి వేసుకొన్న రిఫాంపిసిన్‌పై ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు కొందరిలో కిడ్నీలను ఒక్కసారిగా దెబ్బతీస్తాయి. గోళీ వేసుకొన్న కొన్ని గంటల్లోనే చలి జ్వరం, వాంతులు, నడుము నొప్పి, ఆపై మూత్రం తగ్గిపోవడం. డయాలసిస్ దాకా వెళ్ళినవారూ ఉన్నారు. రంగు మందుది అని ఊరుకొనేది మూత్రం ధారాళంగా వస్తున్నప్పుడే. మూత్రం తగ్గి, టీ డికాషన్ రంగు తిరిగితే అది రిఫాంపిసిన్ రంగు కాదు.

మందు మొదలుపెట్టే ముందే చెప్పవలసినవి: సారా, బ్రాందీ అలవాటు ఎంత ఉంది, ముందు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా, హెపటైటిస్ బి గాని సి గాని ఉన్నట్లు చెప్పారా, గర్భవతా, హెచ్.ఐ.వి. మందులు వాడుతున్నారా. తాగుడు సంగతి భార్య ముందు చెప్పడానికి మొహమాటపడే అన్నదమ్ములు లోపలికి ఒంటరిగా రండి, మేము పరీక్షలు ఎన్ని రోజులకు చేయాలో దాన్ని బట్టే నిర్ణయిస్తాము. ఆరు నెలలు తాగుడు మానండి అని ఊరికే చెప్పడం లేదు. జ్వరానికి పారాసిటమాల్ వాడినా, ఒంట్లో బాగున్న పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ హద్దు. తాగేవారికి, చిక్కిపోయినవారికి అందులో సగం దాటకూడదు. నొప్పుల గోళీలలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, అట్ట మీద చదివించుకోండి.

పసరు మందు గురించి చెప్పకుండా ఉండలేను. కళ్ళు పచ్చబడగానే ఫలానా ఊళ్ళో పసరు పోస్తారని, చేతికి వాత పెడతారని తీసుకుపోతారు. కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, గుర్తు మాత్రమే. వైరస్ వలన వచ్చిన మామూలు కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. మందు వలన వచ్చిన కామెర్లలో ఆ వారం రోజులూ పసరు తాగుతూ, పక్కన టి.బి. గోళీలు మింగుతూ ఉంటే కాలం చేయి దాటిపోతుంది. కొన్ని ఆకు పసర్లు, భస్మాలు సొంతంగానే లివరును చెడగొడతాయి. ఉప్పు నూనె మాని ఒట్టి చారన్నం పెట్టే పథ్యం కూడా వద్దు. టి.బి. మనిషికి గుడ్డు, పప్పు, పాలు కావాలి.

ఒక చిన్న సంగతి. యాంటీబయాటిక్‌తో పాటు బి-కాంప్లెక్స్ గోళీ రాయడం మన దగ్గర ఆనవాయితీ. అది వేసుకొంటే మూత్రం మెరిసే పసుపు రంగులో వస్తుంది. "సార్, పచ్చ కామెర్లు వచ్చాయి" అని పరుగెత్తుకొని వస్తారు. కామెర్లు మూత్రం చూసి కాదు, కంటి తెల్లగుడ్డు చూసి పోల్చుకోవాలి. అదీ ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుతురులో, వాకిట్లో నిలబెట్టి చూడండి.

బి.పి.కి రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి వాడే పెద్దలు సల్ఫా జాతి కోట్రైమాక్సజోల్ వాడవలసి వస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి. రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. దానికి పైకి కనబడే గుర్తులు తక్కువ.

వచ్చేటప్పుడు తెల్ల గోళీ, ఎర్ర గోళీ అని కాకుండా ఖాళీ అట్టలు, సీసాలు, పాత చీటీలు, రక్త పరీక్షల కాగితాలు ఒక సంచిలో వేసుకొని తెచ్చుకోండి. ఊరి ఆర్.ఎం.పి. గారు సూది వేసి ఉంటే ఆ సూది పేరు కాగితం ముక్క మీద రాయించుకు రండి. చెబితే మేము ఏమైనా అంటామని దాచకండి.

ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారికి చివరగా రెండు మాటలు. చాలా యాంటీబయాటిక్స్ మీకు కూడా ఇవ్వవచ్చు, మోతాదు తగ్గించి, లేదా ఎక్కువ గంటల ఎడంతో. తగ్గించకపోతే కొన్ని మందులు మెదడుకు ఎక్కి మత్తు, తికమక మాటలు, ఫిట్స్ కూడా తెస్తాయి. ఇంట్లో పెద్దాయన సూదులు మొదలయ్యాక రెండో రోజో మూడో రోజో మనుషులను పోల్చుకోలేకపోతే వయసు వల్ల అనుకోకండి, నర్సమ్మకు చెప్పండి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటి కొన్నిటికి మాత్రం కిడ్నీ కోసం మోతాదు మార్చనక్కరలేదు. డయాలసిస్ చేయించుకొనేవారు, యంత్రం కొన్ని మందులను రక్తం నుండి కడిగివేస్తుంది కనుక, ఆ రోజు మందు ముందు వేసుకోవాలా, డయాలసిస్ అయ్యాక వేసుకోవాలా అని యూనిట్‌లో అడిగి చీటీ మీద రాయించుకోండి.